సగమే వెళ్లిన రిపోర్టు

జూన్ 9, సోమవారం
ముళబాగిలు ల్యాబు నుంచి పద్మక్క ఫోన్. పొడుగు రిపోర్టులు ఫోన్లో సగం వచ్చి ఆగిపోతున్నాయట. మధ్యలో తప్పు జరిగితే సగం పేజీని చెరిపి, 'మళ్లీ ప్రయత్నించండి' అని చూపించాలి. ల్యాబు సాఫ్ట్‌వేర్లో అలా చెరిపే రీసెట్ కోడ్ రాసింది నేనే. నా కంప్యూటర్లో బాగానే ఉంది...

జూన్ 10
దొరికింది. పొట్టి రిపోర్టు పూర్తయ్యేదాకా సర్వర్లోనే ఉంటుంది — చెరపొచ్చు. పొడుగుదైతే పై భాగం ముందే ఫోన్‌కి వెళ్లిపోతోంది. వెళ్లాక రీసెట్ చెల్లదు. పేజీ త్వరగా కనిపించాలని, తయారైనంత వరకు పంపెయ్యమనే లైను కోడ్‌లో పోయిన నెల పెట్టింది కూడా నేనే.

సాయంత్రం
లాగ్ అంతా వెతికాను. సగం చూసి మళ్లీ తెరవనివాడు ఒక్కడే. చౌడప్ప, ఊరు కురుడుమలె. పై సగంలో షుగర్, రక్తం — అన్నీ సరిగ్గా. కింద కిడ్నీ పరీక్ష. క్రియాటినిన్ ఎక్కువ. పన్నెండు రోజులైంది. ఫోన్ కలవడం లేదు. నెట్‌వర్క్ వల్లేనని చెప్పేద్దాంలే అంది పద్మక్క. వద్దన్నాను.

జూన్ 11
పొద్దున్నే బస్సు. ల్యాబు దగ్గర దిగి రిపోర్టు కాగితం తీసుకున్నాను. అక్కణ్నుంచి ఆటో. చౌడప్ప మామిడి కాయలు కోయిస్తున్నాడు. ల్యాబు నుంచి వచ్చానంటే నవ్వి, ఫోన్లో దాచుకున్న పేజీ చూపించాడు.
"అంతా సరిగ్గా ఉండాదని నేనే చూసినాను గదమ్మా. ఏమన్నా ఎక్కువుంటేనే రమ్మన్నాడు డాక్టరు."
కింద ఇంకా ఉందని, అది రాకపోవడం నా తప్పేనని చెప్పాను. కాగితం ఇచ్చాను. అడుగున పద్మక్క సంతకం దాకా వేలు పెట్టి చదివాడు. మోకాళ్ల నొప్పికి అంగట్లో కొన్న మాత్రలు రోజూ మింగుతున్నాడట — రిపోర్టు బాగుందన్న ధైర్యంతో.
కోత మధ్యలో వదిలి, చొక్కా మార్చుకుని నాతో వచ్చాడు. ఆటో డబ్బులు కూడా తనే ఇచ్చాడు. తిట్టినా బాగుండేది.
కిడ్నీకి చేటని డాక్టరు ఆ మాత్రలు ఆపించాడు. వారం తర్వాత మళ్లీ పరీక్ష.

జూన్ 12
ఆ లైను తీసేశాను. పేజీ పూర్తయ్యాకే కదులుతుంది. కాస్త ఆలస్యం. ఉండనీ.

జూన్ 14
రోజంతా వేరే పని. మనసు లేదు.

జూన్ 18
చౌడప్ప ఫోన్. కొత్త రిపోర్టు వచ్చిందట.
"ఇంతేనామ్మా, కింద ఇంగేమన్నా ఉండాదా?"
ఆఖరి లైను చదవమన్నాను. పద్మక్క పేరు చదివాడు. అంతా వచ్చిందన్నాను. ఇంకోసారి అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. అయితే డాక్టరు దగ్గరికి బయల్దేరుతానన్నాడు.
క్రియాటినిన్ అంకె ఎంతో చెప్పలేదు. నేను అడగలేదు. సర్వర్లో చూడొచ్చు... చూడలేదు.