దించని కుండీలు

చిరంజీవి ఇల్మికి, అక్క హెల్వి ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ మీ బావా ఉన్నాం. క్షేమమని రాద్దామని మొదలుపెట్టి కాగితం చించేశాను, చివరికి ఉన్నామని రాస్తున్నాను. అక్కడ తుర్కు పట్నంలో నువ్వూ, మరిదిగారూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నువ్వు పంపిన ఉన్ని దారం అందింది. రంగు బాగుంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ బావ కాళ్ల వాపు తగ్గలేదు. డాక్టరు వచ్చి గుండె చూసి, ఇక ఆసుపత్రికి తీసుకురానక్కర్లేదు, ఇంట్లోనే ఉండనివ్వండి అన్నాడు. ఆ మాటకు అర్థం నీకు వేరే చెప్పక్కర్లేదు. నేను తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. బంగాళాదుంపలు ఉడకబెట్టి, వెన్న వేసి ఆయన ముందు పెడతాను. ఆయన వద్దంటే ఆ గిన్నె కూడా నేనే ఖాళీ చేస్తాను. పారేయడానికి చేతులు రావు. ఈ ఉత్తరపు కొసన చలికాలం మొదట్లో పోయిన సూర్యుడు ఇంకా రాలేదు. మధ్యాహ్నం కాస్త నీలం తిరుగుతుంది, మళ్లీ చీకటే.

మంచం వంటింట్లోకి మార్చాం, కిటికీ పక్కకు. కుండీలు కనబడాలని ఆయనే పట్టుబట్టాడు. ఆయన పిచ్చి నీకు తెలుసు కదా. మంచు పడ్డాక ఊళ్లో పచ్చనిదంటూ ఉంటే అది మా కిటికీ గట్టు మీదే. ట్యూబులైటు కింద సోయికూర, పార్స్లీ, ఉల్లికాడలు, చివర్న ఏనాడూ దుంప ఊరని ఆ ముల్లంగి. పక్కింటి లెంపి వచ్చినప్పుడల్లా ఆయన్ను ఆటపట్టించేది.

“తౌనో, నీ లైటు చూసి బస్సువాడు స్టాపనుకుని బ్రేకు వేస్తున్నాడయ్యా.”

“ఎక్కేవాళ్లుంటే ఎక్కమను. నా బస్సు వేరే ఉందిలే, దానికి టికెట్టు అక్కర్లేదు,” అనేవాడు ఈయన.

వాటికి నీళ్లు పోయడం, విత్తనం వేయడం ఆయన వంతు. నా వంతు ఒక్కటే. పెద్ద కిటికీకి చలి మొదలవగానే కాగితం పట్టీలు అతికించేస్తాం కాబట్టి, గాలి మార్చాలంటే పక్కనున్న చిన్న రెక్క తెరవాలి. తెరిచేముందు మొక్కలకు చలి తగలకుండా కుండీలన్నీ దించి పొయ్యి పక్క బల్ల మీద పెట్టాలి, మూశాక మళ్లీ ఎక్కించాలి. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ రోజూ అదే పని. ఒక్కనాడూ మరిచిపోలేదు.

ఇంకా విత్తనాలు పంపనా అని అడిగావు. మొక్కలన్నీ పోయాయి, ఇల్మీ. ఒక్కటీ మిగల్లేదు. లెంపికి లైటు కొన్నాళ్లు పాడైందని చెప్పాను. నీకూ అదే రాద్దామనుకున్నాను. కానీ ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

మూడు వారాల కిందటి ఆదివారం భోజనాల వేళ దాటాక మీ బావ ఊపిరి ఆగింది. నేను పక్కనే కూర్చుని మేజోడు అల్లుతున్నాను. ఒక ఊపిరి వచ్చింది, తరవాతది రాలేదు. పిలిచాను. దవడ జారిపోయింది. ముక్కు దగ్గర చెయ్యి పెడితే ఏమీ తగల్లేదు. లేచి వెళ్లి కిటికీ రెక్క తెరిచాను, నాన్న పోయినప్పుడు అమ్మ తెరిచినట్టే. ప్రాణానికి దారి ఇవ్వకపోతే ఇంట్లోనే తచ్చాడుతుందని అమ్మ అనేది కదా. ఏడుపు రాలేదు. చలి తెల్లగా గట్టు మీదుగా జారి లోపలికి వచ్చింది. ఇక ఈ రాత్రి పడుకోవచ్చు అనుకున్నాను. ముందు వచ్చిన ఆలోచన అదే.

అప్పుడు నా వెనక ఆయన ఊపిరి పీల్చాడు. నీళ్లలో మునిగి పైకి తేలినవాడిలా పీల్చాడు.

ఇప్పుడు రాసేది నువ్వు చదివి పొయ్యిలో వేసెయ్యి. నేను కిటికీ వెంటనే మూయలేదు. ఆయన బతికే ఉన్నాడని తెలుసు, ఊపిరి వినబడుతోంది. గడియ మీద నా చెయ్యి ఉంది. అది కదల్లేదు. ఇంకా అయిపోలేదా అనుకున్నాను. ఆయన “చలి” అన్నాకే మూశాను. ఇన్నేళ్లు కలిసి బతికిన మనిషి తిరిగివస్తే నాకు సంతోషం కలగలేదు, ఇల్మీ. ఇప్పటికీ కలగలేదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది, అయినా కలగలేదు.

మర్నాటికి మొక్కలు నల్లబడి, ఉడికిన ఆకుల్లా కుండీల అంచు మీద వేలాడాయి. ఆయన వాటినే చూస్తూ పడుకున్నాడు.

“కిటికీ ఎందుకు తెరిచావు?” అన్నాడు.

“గాలి కోసం. పొయ్యి పొగ కమ్మింది.”

“గాలి కోసమైతే కుండీలు దించేదానివి.”

ఆయన తిట్టలేదు, తిట్టినా బాగుండేది. గోడవైపు తిరిగాడు. అటు తిరిగే, “ఈసారి ముందు కుండీలు దించు,” అన్నాడు.

జవాబులో ఈ సంగతి ఎత్తవద్దు. నీ ఉత్తరాలు ఆయనకు నేనే చదివి వినిపించాలి. విత్తనాలు కూడా పంపవద్దు. డబ్బా అడుగున మిగిలిన సోయికూర విత్తనాలు నేనే చల్లాను, మొలకలు వచ్చాయి. కుండీలు పొయ్యి పక్క బల్ల మీదే ఉన్నాయి. అక్కడికి లైటు అందదు. మొలకలు దారాల్లా తెల్లగా సాగి కిటికీ వైపు వాలుతున్నాయి. “ఏమే, చీకట్లో పెట్టి పెంచుతావా వీటిని?” అని లెంపి నిన్న అడిగింది. గట్టు మీదికి ఎక్కించడానికి నాకు చేతులు రావడం లేదు. ఆయనా ఎక్కించమనడు. పొద్దున్నే కళ్లు తెరిచి ముందు ఖాళీ గట్టు చూస్తాడు, తరవాత నన్ను చూస్తాడు.

ఇట్లు,
నీ అక్క
హెల్వి