ఎడమ మోకాలు మాట వినదు

ఫిబ్రవరి 3
ప్రాక్టీసులో ఎడమ మోకాలు జారింది. గాల్లోకి లేచి, రెండు మోకాళ్ల మీద వాలి, గిర్రున తిరుగుతూ లేవాలి. మా జార్జియా దేశంలో ఏ ఊరెళ్లినా జనం నన్ను చూడ్డానికి వచ్చేది ఆ గెంతు కోసమే. వాలడం బాగానే వాలాను. తిరిగేటప్పుడు లోపల ఏదో పుటుక్కుమంది. డోలు మోతలో ఎవరికీ వినపడలేదు. బూటు సర్దుకుంటున్నట్టు నటించి పక్కకి జరిగాను.

ఫిబ్రవరి 5
మోకాలు గుమ్మడికాయలా వాచింది. మెట్లు జారానని ఏకాతో చెప్పాను. నా పెళ్లానికి అబద్ధం వాసన తెలుస్తుంది. ఐసు పెడుతూ, మెట్ల మీద కూడా డాన్సు చేశావా అంది.

ఫిబ్రవరి 10, మధ్యాహ్నం
ఎమ్మారై అయింది. డాక్టర్ మానానా బల్ల మీద పడుకోబెట్టి, మోకాలి కింద పట్టుకుని ముందుకి లాగింది. కాలు సొరుగులా బయటికొచ్చింది. తర్వాత ప్లాస్టిక్ మోకాలొకటి చేతికిచ్చింది. తుంటిలో ఎముక గిన్నెలో కూర్చుంటుందట. మోకాలికి ఆ భాగ్యం లేదు. పైన తొడ ఎముకకి రెండు గుండ్రటి బుడిపెలు, కింద కాలి ఎముక దాదాపు చదును. గుండ్రంది చదును మీద ఎలా నిలుస్తుంది? పక్కల రెండు లిగమెంట్లు, లోపల కత్తెరలా అడ్డంగా ఇంకో రెండు, ఎముకల మధ్య దిండ్లలా రెండు మెత్తటి నెలవంకలు. ఆ నాలుగు తాళ్ల మీదే నా బతుకంతా. కత్తెరలో ముందు తాడు ఇదివరకే తెగితే, తొడ వెనక నుంచి తీసి కొత్తది వేశారు. ఇప్పుడు అదీ పోయింది. నెలవంక ఒకటి చిరిగింది. ఆపరేషన్ చేస్తే మెట్లెక్కుతావు, ద్రాక్షతోట పని చేసుకుంటావు, గెంతులు మాత్రం మర్చిపో నాయనా అంది. ఆవిడది నా ఈడే.

ఫిబ్రవరి 11
ఎవరికీ చెప్పలేదు.

మార్చి 2
లిగమెంట్ తెగినా తొడ కండలు బలంగా ఉంటే మోకాలిని పట్టి ఉంచుతాయని చదివాను. రోజూ జిమ్. రియోనీ నది ఒడ్డున పరిగెత్తాను. తిన్నగా వెళ్తే ఏ బాధా లేదు. మా డాన్సు ట్రూపు నడిపే గురాం మాస్టారు నాతో, ఒరేయ్ జుంబేర్, బతూమీ ప్రోగ్రాంలో ముందు నువ్వే, ఈ లాషాగాడింకా కప్పలా గెంతుతున్నాడు అన్నారు. లాషా మా ట్రూపులో కుర్రాడు, పక్కనే ఉండి నవ్వాడు. నిజానికి వాడి గెంతు కప్ప గెంతు కాదు.

మార్చి 19
వంటింట్లో ఏకా ఉప్పు అందుకోమంది. వెనక్కి తిరిగాను. పాదం నేల మీదే ఉంది, ఒళ్లు తిరిగింది, మోకాలు ఎటూ కాకుండా పోయింది. చిక్కుడుగింజల కుండతో సహా పడ్డాను. ఏకా ముందు పకపకా నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది. నేల తుడుస్తూ, కాలు లేకపోయినా నాకు మొగుడివే, పిచ్చివాడితో కాపురం మాత్రం నా వల్ల కాదు అంది. ఓదార్పనిపించలేదు. నాకు కావలసింది కాలు.

మే 9, బతూమీ
మోకాలికి బ్రేస్ పట్టీ బిగించాను. డాన్సుకి వేసుకునే పొడుగు కోటు కింద కనపడదు.

మే 10, ఆసుపత్రి
రాత్రి స్టేజి మీద మొదటి గెంతు నిలిచింది. జనం అరిచారు. రెండోసారి వాలాక కాలు చాచలేకపోయాను. చిరిగిన నెలవంక ముక్క ఎముకల మధ్య అడ్డంపడిందట. స్టేజి నడిమధ్యన, ప్రార్థన చేస్తున్నవాడిలా మోకాళ్ల మీదే ఉండిపోయాను. డోలు ఆగలేదు. లాషా పరిగెత్తుకొచ్చి, నా తల మీదుగా ఎగిరి, ముందు వాలాడు. జనం అదీ డాన్సే అనుకున్నారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాడు చేయిచ్చి, అన్నా నవ్వు, నా భుజం పట్టుకో, నవ్వుతూ వెళ్లిపోదాం అన్నాడు.
నవ్వాను.

జూన్ 21
ఆపరేషన్ అయ్యాక మొదటిసారి గురాం మాస్టారు వైన్ తీసుకుని వచ్చారు. బతూమీ వాళ్లు మళ్లీ పిలిచారట. ఆ తల మీదుగా దూకే ఐటమ్ కావాలట. నువ్వేం చెయ్యక్కర్లేదురా, ఊరికే మోకాళ్ల మీద ఉంటే చాలు అన్నారు. అనేసి తనే తల దించుకున్నారు. ఏకా గ్లాసులు తీసేసింది.
ఆలోచిస్తానన్నాను. నిజంగానే ఆలోచించాను. అదీ సిగ్గు.

సెప్టెంబర్ 14
లాషా పెళ్లి. డోలు మొదలవగానే అందరూ వలయంగా నిలబడ్డారు. ఎవరో నా వెనక కుర్చీ వేశారు. నేను అడగలేదు.
కూర్చున్నాను.