మల్లిక పెట్టిన సంతకం

శుక్రవారం రాత్రి, తిరుత్తణి

బుజ్జీ, పక్కింటి మల్లికను ఈ రోజు నేనే పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. చంకలో బిడ్డకు ఏడాది నిండకముందే మళ్ళీ నెల తప్పింది. ఈ కాన్పు వద్దనుకుంది. వాళ్ళత్త గడపలోనే అడ్డం నిలిచింది.

"మొగుడు సంతకం పెట్టకుంటే యాడ చేస్తారే?"

"ఒళ్ళు నాది కదత్తా. నేను పెడితే సాలంట, డాక్టరమ్మే చెప్పినాది."

ఆ మాట నీకెవరూ చెప్పలేదు తల్లీ. ఊర్లో లేని మొగుడి సంతకం అడుగుతారని భయపడి, మందులంగట్లో కడుపు పోయే మాత్రలు కొని మింగావు. నెత్తురు ఆగలేదు.

మల్లిక తన పేరు తానే రాసి, సాయంత్రానికి నడిచి ఇంటికొచ్చింది. ఎంత ధైర్యమో ఆ పిల్లకు. నువ్వూ అట్లా నడిచి వచ్చేదానివే...

రేపు అమావాస్య. నీ పటం ముందర ఆకేసి, అలసందలు నానేసి చేసిన కారామణి పులుసు పెడతాను. కడుపునిండా తినమ్మా.