కోతలయ్యాక

అమ్మా,

నిన్ననే నీ సంవత్సరీకం అయింది. ఇవాళ గుంటూరు పక్కన ఒక మిరప చేలో ఉన్నాను. పని కోసం ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళ మనసులో ఏముందో అడిగి తెలుసుకోవడమే ఇప్పుడు నా పరిశోధన.

నీలాగే మార్కాపురం వైపు నుంచి కోతలకు వచ్చిన ఒకావిడను, "ఊరికే ఏడుపొస్తుందా?" అని అడిగాను.

"మిరప చేలో ఏడవనోళ్ళు ఎవరుంటారండీ? ఘాటు కదా!" అంటూ ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. కాయలు కోసిన వేళ్ళు కంటికి తగిలితే మంట ఎలా ఉంటుందో నీకు చెప్పాలా!

"మరి కోతలయ్యాక, ఇంటి దగ్గర?" అన్నాను. ఆ ప్రశ్న నాకు ఏ చదువూ నేర్పలేదు. ఆవిడ తలొంచుకుని మళ్ళీ కాయలు కోయసాగింది.

కోతలకు వెళ్ళని వానాకాలంలో కూడా, మనింట్లో, నువ్వు ముంజేత్తోనే కళ్ళు తుడుచుకునేదానివి.