మూడో ప్లగ్గు

జూన్ 3, శనివారం

ఈ రోజు ప్రార్థన కుట్టుమిషన్ స్టూలు మీద కూర్చుని చేసుకున్నాను. చాప పరుచుకునే చోట మిషన్లున్నాయి. ఆరు. చెల్లెలు కుట్టు నేర్పే అద్దె గదిని ఖాళీ చెయ్యమన్నారని సామానంతా నా గదిలో దింపింది. రెండు రోజులే అక్కా అంది. ఇది నలభయ్యో రోజు.

చెల్లెలికి కావలసింది షెడ్డు. షెడ్డులో నాన్న కారుంది. నాకంటే రెండేళ్ళు పెద్దది. పదకొండేళ్ళుగా కదల్లేదు. ఉద్యోగం పోయినప్పటి నుంచి తమ్ముడికి అదే లోకం. పొద్దున లేస్తే బానెట్ కింద తల.

మధ్యాహ్నం ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. అది కారు కాదు, ఎలుకల హాస్టల్ అని చెల్లెలు. నీ మిషన్లంత రొద చెయ్యదులే అని తమ్ముడు. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు. పద్దెనిమిదో తేదీ ఆదివారం కారు గేటు దాకా వెళ్ళి తిరిగొస్తే షెడ్డు కారుది, లేకపోతే మిషన్లది, కారు పాత ఇనుముకి అని చెప్పాను. అక్క మాటే మాట అన్నారు. నేను స్టూలు మీదకి వెళ్ళిపోయాను.

జూన్ 6, మంగళవారం

తమ్ముడు స్పార్క్ ప్లగ్గుల కోసం మూడోసారి షాపుకి వెళ్ళొచ్చాడు. సంబంధాలు చూస్తున్నట్టే ఉంది. మొదట తెచ్చినవాటికి మర పొడవెక్కువ, బిగిస్తే లోపల పిస్టన్‌కి తగులుతుందట. రెండోసారి తెచ్చినవి కోల్డ్ ప్లగ్గులు. అవి దూకుడుగా పోయే ఇంజన్లకట. నెమ్మదిగా నడిచే ముసలి ఇంజన్‌లో వేస్తే మసి పట్టి ఊరుకుంటాయి, దీనికి హాట్ ప్లగ్గే కావాలని మెకానిక్ చెప్పాడు. మెకానిక్‌దీ కారు వయసే. అందరం పెద్దాయన అంటాం.

ఇంతకీ కారు మీదేనా, మ్యూజియంలోంచి ఎత్తుకొచ్చారా అన్నాడట షాపతను. తమ్ముడు దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాడు.

జూన్ 9, శుక్రవారం

సరైన ప్లగ్గులు నాలుగూ దొరికాయి. కొత్త కార్ల లెక్కకి గ్యాప్, అంటే కొసన నిప్పు దూకే సందు, ఎక్కువ పెట్టి వస్తాయట. మనదానికి తగ్గించాలి. తమ్ముడి చేతులు వణుకుతాయి. సూదిలో దారం ఎక్కించే చెయ్యి నీది, నువ్వే పెట్టక్కా అన్నాడు.

పెద్దాయన నేర్పాడు. ఫీలర్ గేజ్ అంటే విసనకర్రలా విప్పుకునే సన్నటి రేకులు. ఇరవై అయిదు అని ఉన్న రేకు తియ్యాలి. ప్లగ్గు కొసన వంగి ఉన్న కొక్కేన్ని బల్ల చెక్క మీద మెల్లగా తట్టాలి. ఎక్కువ మూసుకుంటే కొక్కేన్నే పట్టి పైకి లాగాలి. నడిమి పుల్ల మీద ఆనించకూడదు, పింగాణీ పగులుతుంది. రేకు దూరాలి. కానీ ఊరికే దూరకూడదు. వెన్నలో కత్తిలా కొంచెం పట్టి వదలాలి.

నాలుగూ పెట్టేసరికి గంట పట్టింది. ఆ గంటలో ఒక్క పాడు ఆలోచన రాలేదు. ఈ మధ్య ప్రార్థనలో కూడా అంత నిలకడ లేదు.

జూన్ 10, శనివారం

తమ్ముడు మళ్ళీ చూడమన్నాడు. చూశాను. సరిగ్గానే ఉన్నాయి.

జూన్ 11, ఆదివారం

ఏడో మిషన్ వచ్చింది.

జూన్ 12, సోమవారం, ఉదయం 6

చెల్లెలు నిన్న సాయంత్రం టీ తెచ్చి పక్కన కూర్చుంది. ఒక ప్లగ్గుని ఇంకో దెబ్బ ఎక్కువ తడితే ఏమవుతుందక్కా అని అడిగింది. ఊరికే అడిగానంది. మూసుకుపోతుంది, నిప్పు రాదు అని చెప్పాను. ఊరికే చెప్పాను.

అది వెళ్ళాక మూడో ప్లగ్గు తీసి తట్టాను. ఒకే ఒక్క దెబ్బ. నా గది నాకొస్తుంది అనుకున్నాను. అదీ సంగతి.

తర్వాత క్షమించమని వేడుకున్నాను. పని సరిచెయ్యకుండా వేడుకోవడం ఏం బాగుంటుంది? జపమాల లెక్క మూడుసార్లు తప్పింది. పొద్దున్నే లేచి సరిచేద్దామని వెళితే ప్లగ్గుల డబ్బా లేదు. తమ్ముడు తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

జూన్ 14, బుధవారం

ఇంకోసారి చూస్తాను ఇవ్వరా అన్నాను. నువ్వు రెండుసార్లు చూశాక మళ్ళీ చూడ్డమేమిటి, నిన్ను అవమానించినట్టు కాదూ అన్నాడు. ఇవ్వలేదు.

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. భోజనం వేళయింది అన్నాను.

జూన్ 17, శనివారం

ప్లగ్గులు బిగించాడు. కారుని స్నానం చేయించినట్టు తుడిచాడు. చెల్లెలు షెడ్డులో టేపుతో గోడలు కొలిచింది.

జూన్ 18, ఆదివారం, సాయంత్రం

పది గంటలకి పెద్దాయన వచ్చాడు. కారు దగ్గింది, తుమ్మింది, అంటుకుంది. తమ్ముడి మొహం చూడాలి. గేటు వైపు పది అడుగులు వేసింది. ఒళ్ళంతా కుదుపు. సగం దారిలో ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే. బ్యాటరీ నీరసపడుతోంది.

 చెల్లెలు టేపు బయటికి తీసింది. తమ్ముడు స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తీర్పు చెప్పింది నేను కాబట్టి అందరూ నన్నే చూశారు.

మూడో ప్లగ్గు విప్పమన్నాను.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, నాకే తెలియలేదు, నీకెలా తెలుసమ్మా అన్నాడు.

“నేనే మూసేశాను. నా గది కోసం.”

 చెల్లెలు టేపు చుట్టుకుంది. ఊరికే అడిగితే చేసేశావా అక్కా అని గొణిగింది. తమ్ముడు కారు దిగాడు. తిడతాడనుకున్నాను. ప్లగ్గు విప్పి, వెలుతురుకి పెట్టి చూసి, గేజ్‌తో సహా నా చేతిలో పెట్టాడు.

“ఒక్క దెబ్బకే ఇంత మూశావా? గట్టి చెయ్యే. సరిచెయ్యి.”

అందరి ముందూ కొక్కెం పైకి లాగాను. సందులో రేకు దూర్చాను. రేకు పట్టి వదిలింది.

కారు గేటు దాకా వెళ్ళింది. తిరిగొచ్చింది. తమ్ముడు ఇంకోసారి కూడా వెళ్ళొచ్చాడు, అడక్కుండానే. షెడ్డు కారుది. మిషన్లు నా గదిలోనే.

జూన్ 19, సోమవారం

ప్రార్థన కారు వెనక సీట్లో చేసుకున్నాను. తమ్ముడే తలుపు తీసి పెట్టి వెళ్ళాడు. తలుపు వేస్తే ఎవరి మాటా వినపడదు. ఎదురుగా అద్దంలో నా మొహమే. పక్కకి తిప్పబోయి ఆగాను. ఉండనీ.