నెయ్యి లేదన్నారు

నవంబర్ 2, ఆదివారం

ఎల్‌బీ నగర్. కిరణ్‌ని పెళ్ళి చేసుకున్నప్పటి నుంచీ ఆదివారం భోజనం అత్తయ్య చేతిదే. ఈ రోజు ముద్దపప్పు, దొండకాయ వేపుడు, టమాటా చారు. అందరి కంచాలూ బల్ల మీద ఖాళీగా పెట్టి, ఎదురుగా వడ్డించారు. నా కంచం మాత్రం వంటింట్లోంచి అన్నంతోనే వచ్చింది. పోయిన వారమూ అంతే. ఎందుకు? అన్నంలో ఏదో కమ్మని వాసన... వేడి అన్నం వాసనో, నా ముక్కు మాయో.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద అడిగాను. "అత్తయ్య నా దాంట్ల నెయ్యి ఏసినట్టున్నది."

"లేదు లేదు. అమ్మకి అన్నీ చెప్పాను కదా," అన్నాడు కిరణ్, తల తిప్పకుండా. బండి నడిపేవాడు తల ఎందుకు తిప్పుతాడు? అయినా రాసి పెట్టుకుంటున్నాను.

నవంబర్ 4, మంగళవారం

దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోచింగ్ సెంటర్ కింద టిఫిన్ బండి.

"అన్నా, నూనెతోనే ఎయ్యి. నెయ్యి వద్దు, వెన్న వద్దు."

"ఏందక్కా, ఉపాసమా? కార్తీకమాసమని?"

"అట్లనే అనుకో."

"ఉపాసమైతే నెయ్యే మంచిదక్కా!"

చెయ్యి అడ్డం పెట్టేలోపే చెంచాడు పోసేశాడు. కోపం తెచ్చుకుందామంటే ప్రేమగా పోశాడాయె. పాలు, పెరుగు, నెయ్యి మానేసిన మనిషికి ఈ ఊళ్ళో శత్రువులు లేరు. అందరూ మంచి చేసేవాళ్ళే. దోసె అక్కడే వదిలేసి ఆకలితో క్లాసుకెళ్ళాను.

నవంబర్ 5

స్టాఫ్ రూంలో ఎవరిదో పుట్టినరోజు కేకు. వద్దంటే, "షుగరా మేడం?" తల ఊపాను. విడమరిచి చెప్పే ఓపిక లేదు.

నవంబర్ 7, శుక్రవారం

చంపాపేట్, అమ్మ దగ్గర.

"మటన్ మానినవ్, సరే. పెరుగేం పాపం జేసిందే నీకు?"

బాలాపూర్ మామ వాళ్ళ బర్రెల కొట్టం సంగతి అమ్మకి తెలుసు. ఆ రోజు తనూ ఉంది. దూడని అవతల గుంజకు కట్టేశారు, ఒకటే అరుపు. ఇవతల తల్లి బదులు పలుకుతూనే పాలిస్తోంది. "దున్నదూడకు పాలెందుకు, దండుగ," అని మామ నవ్వాడు. ఆ రోజు నాకు టీ గొంతు దిగలేదు. ఆ తర్వాతా దిగలేదు. ఇందులో డైటింగూ లేదు, పుణ్యమూ లేదు. ఆ అరుపు గుర్తొస్తుంది, అంతే.

అమ్మ తిడుతూనే బచ్చలి పప్పుకి నా ముందే పల్లినూనెతో పోపు పెట్టింది. "నమ్మకం లేకుంటే ఈడ నిలవడి చూడు." చూడలేదు. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

నవంబర్ 9, ఆదివారం

మళ్ళీ నా కంచం వంటింట్లోంచే. "నేనే పెట్టుకుంటా అత్తయ్యా," అని లేవబోయాను. కిరణ్ మోచెయ్యి పట్టుకున్నాడు. "కూర్చో. అమ్మ తెస్తుందిగా." ఎందుకంత ఆత్రం?

ఇంటికొచ్చాక మళ్ళీ అడిగితే — "ఆ వాసన మా కంచాల్లోది. నీకు అనుమానం జబ్బు పట్టుకుంది."

జబ్బట. ఆ మాట గుచ్చుకుంది. నిజమేనేమో కూడా. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ నిలబడి వండి పెడుతుంటే నేను మెతుకులు వాసన చూస్తున్నాను. సిగ్గేసింది. సిగ్గేసినా, వాసన మాత్రం ఉంది.

నవంబర్ 12

హోటళ్ళలో అడిగే పని కిరణ్‌ది. నేను అడిగితే పోలీసు విచారణలా ఉంటుందట. తనే కౌంటర్ దాకా వెళ్ళి, మాట్లాడి, వచ్చి, "లేదట, తిను," అంటాడు. తింటాను. బయట తిండిలో నేను తరచి చూడకుండా నమ్మేది ఆ ఒక్క మాటే. అదొక హాయి.

నవంబర్ 16, ఆదివారం

నీళ్ళ కోసమని వంటింట్లోకి వెళ్ళాను. నీళ్ళ కోసమేం కాదు.

అత్తయ్య చేతిలో నా కంచం. ఇంకో చేతిలో నేతి చెంచా. అన్నం మీద ఒక్క చుక్క. నన్ను చూసి ఆవిడ దాచలేదు, తడబడలేదు.

"ఏంటమ్మా, అలా చూస్తున్నావు?"

"నెయ్యి అత్తయ్యా..."

"అది తినడానికి కాదమ్మా, అన్నం శుద్ధికి వేసే అభిఘారం. చుక్క పడని అన్నం అశుభానికి పెడతారు. ఇంటి కోడలికి ఎలా పెట్టను?" ఆగి, "నీకు పడటం లేదట కదా. డాక్టరు కొన్నాళ్ళు తగ్గించమన్నాడని అబ్బాయి చెప్పాడు. అందుకే చుక్కతో సరిపెడుతున్నాను."

ఏ డాక్టరు?

"నువ్వు చూస్తే ఇబ్బంది పడతావని, లోపలే వేసి తెమ్మన్నది కూడా వాడే."

దూడ సంగతి చెప్పాను. మొత్తం చెప్పాను. ఆవిడ ఆ కంచం పక్కన పెట్టి, వేరే కంచంలో అన్నం పెట్టారు. చెయ్యి అలవాటుగా నేతి గిన్నె దాకా వెళ్ళి ఆగిపోయింది. దేవుడి గూటి వైపు చూసి ఏదో అనుకున్నారు. కంచం నా చేతికిచ్చారు. నాకు ఏడుపొచ్చింది, ఆవిడ మీద కాదు.

నవంబర్ 17

"అమ్మకి చెబితే అర్థం కాదు. డాక్టరంటే వింటుంది," అన్నాడు కిరణ్.

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఒక్క చుక్క. మీరిద్దరూ సంతోషంగా ఉన్నారుగా? నేను సర్దానంతే."

సర్దాడట. నన్ను జబ్బుమనిషిని చేసి సర్దాడు — అక్కడ డాక్టరు పేరుతో, ఇక్కడ అనుమానం పేరుతో.

నవంబర్ 19

అత్తయ్య ఫోన్. "ఈసారి నీ అన్నం నువ్వే వడ్డించుకో అమ్మా. నేను చూస్తూ ఊరుకోలేను, అవతలికి వెళ్తాలే." ఇద్దరం నవ్వాం. ఆవిడ మీద అనుమానం పోయింది. పోయి ఎక్కడికి చేరిందో నాకు తెలుసు.

నవంబర్ 22, శనివారం

కొత్తపేటలో కొత్తగా తెరిచిన హోటల్. నాతో రాజీ పడదామని కిరణ్ తీసుకెళ్ళాడు. "నేను అడిగొస్తా," అని లేచాడు. వద్దు, నేనే పోతా అనొచ్చు. అనలేదు. చూద్దామని.

కౌంటర్ దగ్గర అతని వీపు కనిపిస్తోంది. మాట వినపడదు. కౌంటర్లో మనిషి నవ్వాడు, కిరణ్ కూడా నవ్వాడు. నెయ్యి ఉందా అని అడిగితే నవ్వొస్తుందా? పార్కింగ్ గురించి అడిగినా నవ్వొచ్చు...

వచ్చి కూర్చున్నాడు. "లేదట."

చపాతీ, వెజిటబుల్ కూర. ఒక్క ముద్ద తిన్నాను. చాలా బాగుంది. అంత బాగుండేసరికి భయమేసింది.

"ఎలా ఉంది?" అన్నాడు.

జవాబు చెప్పలేదు. ఇంటికొచ్చాం, బట్టలు మడతపెట్టాను. ఇంకా చెప్పలేదు.