సబ్బుపెట్టెలో గొయ్యి

ఒరేయ్ యాదగిరీ,

ఎలా ఉన్నావు... అడగకూడదని తెలుసు, అలవాటు పోలేదు. నువ్వు పోయి వచ్చే నెలకి ఏడాది. మీ ఇంట్లో సంవత్సరీకానికి సరుకులు చూసుకుంటున్నారు. నేను మాత్రం నిన్ను తిట్టాలో, నీకు దండం పెట్టాలో తెలియక నేరేడ్‌మెట్‌లో మా వరండాలో కూర్చుని బుర్ర గోక్కుంటున్నాను. అందుకే ఈ ఉత్తరం.

పోయిన వారం మీ ఆవిడ, లలిత వదిన, మా ఇంటికి వచ్చింది. ఆమె కోసం నువ్వు చేసిన వినికిడి డబ్బా తెచ్చింది. అదే, ఆకుపచ్చ సబ్బుపెట్టెలో బోర్డూ మైకూ ఇరికించి, ఇయర్‌ఫోన్లు తగిలించావే... అది. కొనుక్కొచ్చిన మిషన్లు చెవిలో కీచుమంటున్నాయని ఆమె పక్కన పడేస్తే, రిటైరయ్యాక పట్టుబట్టి నువ్వే చేసిచ్చావు. మెట్టుగూడలో మీ వీధివాళ్ళు ఇప్పటికీ ఆమె పాటలు వింటూ కూరగాయలు కొంటుందనే అనుకుంటున్నారు.

ఒక చెవి వినబడటం లేదంది. చూస్తే వైరు దగ్గర టంకం ఊడింది, అంతే. క్షణంలో అతికించాను.

అక్కడితో ఇచ్చేస్తే పోయేది. పాత బుద్ధి ఊరుకుంటుందా? మన మోడెం ల్యాబ్‌లో ఏ పెట్టె బాగుచేసినా చివర్లో ఒక సన్నటి కూత లోపలికి పంపి, కింది స్వరం నుంచి పై స్వరం దాకా మెల్లగా పెంచుకుంటూ, అవతలికి ఎంత వస్తోందో చూసేవాళ్ళం కదా. అలాగే చూశాను. అంతా చక్కగా వస్తోంది... ఒకచోట మాత్రం తెరమీద గీత ధబ్బున కింద పడింది. గొయ్యి! అక్కడి కూతను నీ డబ్బా మింగేస్తోంది.

ముందు నీ పొరపాటే అనుకుని నవ్వుకున్నాను. ఇన్నేళ్ళూ నా తప్పులు పట్టుకున్నవాడివి, నీది ఒక్కటి దొరికిందిగా అని. బోర్డులో నువ్వు రాసిన ప్రోగ్రాం తెరిచి చూస్తే పొరపాటు కాదు. ఎంత శ్రద్ధగా రాశావురా! మాటను ముట్టుకోదు. మాట వెనకాల ఆ ఒక్క స్వరం దగ్గర సన్నగా సాగే ఈల లాంటిది ఉంటే వెతికి పట్టుకుని, దాన్ని మాత్రం తీసేస్తుంది. ఏం రాసినా ఎందుకు రాశావో పక్కన వివరం పెట్టే మనిషివి... ఇక్కడ ఒక్క ముక్క లేదు. ఎందుకని?

రైలు కూతేమో అనుకున్నాను, మీ ఇల్లు పట్టాల పక్కనే కదా. రైలు కూత పంపితే శుభ్రంగా బయటికి వచ్చింది. కుక్కర్ ఈల వేయించాను. అదీ వచ్చింది. ఫ్యాను, మిక్సీ... అన్నీ వచ్చాయి. మరి ఇంకేముంది మీ ఇంట్లో?

అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. డబ్బా ఇచ్చిన కొత్తలో అన్నావు. "లలిత బాగ పరేషాన్ అయితుంది రా. ఏదో పనికిరాని సప్పుడు సుత వినబడుతుందంట. జెర తీసేస్తా."

నా ఫోన్లో నీ గొంతు ఒక్కటే మిగిలింది. టంకం తీగ తెమ్మని పంపిన మెసేజ్. "ప్రసాదూ... వచ్చేటప్పుడు సన్న తీగ తే రా... మీ గుంటూరోళ్ళ లెక్క ఉత్త చేతుల్తోని రాకు..." మాటకీ మాటకీ మధ్య నీ ఛాతీలో పిల్లికూతలు. ఫోన్‌ని డబ్బా మైకు దగ్గర పెట్టి, ఇయర్‌ఫోన్లు నేను పెట్టుకుని విన్నాను. తిట్టు తిట్టులాగే వచ్చింది. పిల్లికూతలు లేవు. నిక్షేపంలాంటి మనిషివి మాట్లాడినట్టుంది.

అయితే ఆ గొయ్యి నీ ఆయాసం కోసం తవ్వావన్నమాట.

"మోడెం మొదలు నేర్వాల్సింది మాట్లాడుడు కాదు రా... తన లొల్లి తాను తీసేసుకునుడు." కొత్తగా చేరిన ప్రతి ఇంజనీరుకీ ఇదే నీ మొదటి పాఠం. ఫోన్ లైన్లో మనం పంపిన కూత గోడకి కొట్టిన బంతిలా మనకే తిరిగొస్తుంది. దాన్ని తీసేస్తేనే అవతలివాడి సన్నటి గొంతు వినబడుతుంది. ఆ తీసివేతలో నీ అంతటివాణ్ణి నేను చూడలేదు, ఒప్పుకుంటాను. కానీ అది లైనుకురా... పెళ్ళానికా?

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పనా? ఊపిరందక నువ్వు పోయినప్పటి నుంచి ఆమె ఒకటే మాట పట్టుకుంది. నీ ఆయాసం మెట్ల దగ్గర వాచ్‌మన్‌కి వినబడిందట, ఎదురింటావిడకీ వినబడిందట. పక్కన కూర్చుని అన్నం వడ్డించిన తనకు మాత్రం వినబడలేదట. దినాల్లో మీ చుట్టాలు కూడా ఊరుకోలేదు, పక్కనే ఉండి తెలుసుకోలేదా అని. తన చెవుడే నిన్ను తీసుకుపోయిందని ఆమె నమ్మకం. సరిగ్గా వినబడి ఉంటే రెక్క పట్టుకుని దవాఖానకు ఈడ్చుకుపోయేదాన్నని ఇప్పటికీ అంటూనే ఉంది.

ఏం చేయాలో తోచక వారమంతా కొట్టుకున్నాను. చెబితే నువ్వు చిక్కుతావు. చెప్పకపోతే ఆమె బతికినన్నాళ్ళూ తనను తానే తిట్టుకుంటుంది. అసలు ఎందుకు చేశావు? ఆమె భయపడకూడదనా? దవాఖాన తప్పించుకుందామనా? రెండూనా? దీన్ని ప్రేమ అనుకోవాలా, మోసం అనుకోవాలా... "ఏది పనికొచ్చేది, ఏది పనికిరానిది... వినేటోడు చెప్పాలె, పంపెటోడు కాదు" అని నువ్వే కదా అనేవాడివి. మరి ఆమెను అడిగావా?

నిన్న సాయంత్రం డబ్బా పట్టుకుని మీ ఇంటికి వెళ్ళాను. గొయ్యి పూడ్చేసే తీసుకెళ్ళాను. మీ లిఫ్ట్ సంగతి తెలిసిందే, బంద్. మెట్లెక్కి, కాసేపు గోడ పట్టుకుని నిలబడి, తలుపు కొట్టాను. ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాక ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఏమీ అనుకోకు... నీ పరువు తర్వాత చూసుకోవచ్చనిపించింది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ మెసేజ్ పెట్టమంది. వింది. మళ్ళీ పెట్టమంది. రెండు చెవుల మీదా చేతులు అదిమిపెట్టి, కళ్ళు మూసుకుని వింది. అయితే తప్పు నా చెవులది కాదన్నమాట, అని మెల్లగా అనుకుంది.

ఆ తర్వాత నీకు తిట్లు పడ్డాయి చూడు! గీ తెలివేదో దవాఖానకు పోయేటందుకు పెడితే ఏం పోయేదని అడిగింది. అడుగుతూ అడుగుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ ఆగలేదు.

ఫోన్ జేబులో పెట్టుకుని లేచాను. ఆమె చెయ్యి ఎత్తి ఆగమంది. మెసేజ్ అయిపోయింది కదా, ఇంకా ఆ పిల్లికూతలు ఎక్కడివి అంది. నాకు అర్థం కాలేదు. ఆమే దగ్గరికొచ్చి, మెళ్ళో డబ్బాను నా ఛాతీకి ఎదురుగా పట్టుకుంది...

మెట్లెక్కి వచ్చానుగా, అందుకే అన్నాను. వినలేదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా అని గద్దించింది. అబ్బో, ఎంత గొంతురా ఆమెది! ఎదురింటావిడ తలుపు తీసి మరీ చూసింది. సోమవారం పొద్దున తనే ఆటోలో వచ్చి నన్ను దవాఖానకు తీసుకెళ్తుందట. బయల్దేరకపోతే రెక్క పట్టుకుని ఈడ్చుకుపోతుందట.

ఆ కేక నీకు పడాల్సిందిరా యాదగిరీ.

నీ మీద కోపం పోయిందా అంటే... ఏమో. ఒకసారి పోయిందనిపిస్తుంది, మళ్ళీ ఆ సబ్బుపెట్టె గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. సోమవారం మాత్రం ఆమె వచ్చే లోపలే చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడతాను. నీలా తప్పించుకోను.

నీ
ప్రసాదు